అది నీరు కాదు

నా ముఖం వాచడం ఏ రోజు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి పొద్దున లేచేసరికి కళ్ళ కింద కాస్త ఉబ్బు ఉండటం వింత కాదు. మా ఉద్దానంలో అయితే అసలే కాదు. మా వీధిలోనే నాతోపాటు ఇంకో ముగ్గురు ఆటో కట్టించుకుని డయాలసిస్‌కు వెళ్ళివస్తారు. అందుకే మొదట్లో నేను పట్టించుకోలేదు. పట్టించుకున్నాక నా మాట ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు చేతి వాపు దిగి పెన్ను పట్టుకోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. మెడలో పైపుతో ఉన్నవాళ్ళు, లేదా వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఇది చదివితే, నేను పడ్డ నెలల్లో కొన్నయినా వాళ్ళకు తప్పుతాయని ఆశ.

నా పేరు రాజేశ్వరి. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు పనిచేశాను. బల్ల ముందు కూర్చుని విరగని గుండ్లు ఒక పక్కకు, విడిపోయిన బద్దలు ఒక పక్కకు ఏరడం నా పని. కిడ్నీలు పోయాయని తేలాక మానేశాను. మా ఆయన సింహాచలం కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. నాకు సొంత మేనమామ కొడుకు, అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. మా మావయ్య, బావ వాళ్ళ అన్నయ్య ఇద్దరూ ఈ కిడ్నీ జబ్బుతోనే పోయారు. నాకూ అదేనని డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. అత్త లేచి వెళ్ళి బియ్యం కడిగింది.

సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో నరాన్ని నరంతో కలుపుతారు, పిస్టులా అంటారు. నాకది రెండుసార్లు వేశారు, రెండుసార్లూ నిలవలేదు. అందుకని మెడలో పైపు పెట్టారు. మొదట కుడివైపు. దానికి చీము పట్టి జ్వరం వస్తే తీసేసి ఎడమవైపు. అది మూసుకుపోతే మళ్ళీ కుడివైపు. ఆ పైపు కొస గుండె దాకా వెళుతుందని నాకు తెలుసు. వెళ్ళే దారిలో నరానికి ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూన్

ఎదురింటి పార్వతి ఒకరోజు గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్వింది.

"ఓలమ్మ రాజీ, ఒళ్ళు సేసినావే! బుగ్గలొచ్చినాయి. డయాలసిస్ నీకు బాగా పడినట్టుంది."

నాకూ సంతోషమే వేసింది. లోపలికెళ్ళి అద్దం చూసుకున్నాను. బుగ్గలు నిండుగా ఉన్నాయి. రెండేళ్ళుగా లోపలికి పోయిన కళ్ళు కనిపించలేదు.

ఆ తర్వాత వారం గాజులు ఎక్కలేదు. జాకెట్టు చేతులు పట్టేశాయి. ఇల్లు ఊడవడానికి వంగితే తలలోకి రక్తమంతా ఒక్కసారి దిగి, కళ్ళు బయటికి వచ్చేస్తాయేమో అనిపించేది. చీపురు పారేసి గోడ పట్టుకుని నిలబడేదాన్ని. పొద్దున ఎక్కువగా ఉండేది, మధ్యాహ్నానికి కాస్త తగ్గేది. తగ్గుతోంది కదా అని ఊరుకున్నాను.

జులై

డయాలసిస్ సెంటర్‌లో మిషన్ ఎక్కే ముందు బరువు చూస్తారు. నా బరువు పెరగలేదు. అయినా ముఖం వాచి ఉంది. అక్కడ మిషన్లు చూసే అబ్బాయి నా ముఖంవైపు, కాగితంవైపు మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, ఒంట్లో కండ తగ్గిపోయి ఆ సోటు నీరు పట్టినాది. నీళ్ళు ఎక్కువ తాగేస్తన్నారు. నిజం సెప్పండి."

"రోజుకి రెండు గలాసులు దాటనేదు బాబూ. ఒట్టు."

"అందరూ అలగే అంటారు."

అతను చెడ్డవాడు కాదు. ఆ మాట రోజుకు పదిమందికి చెప్పాలి అతను, పదిమందిలో తొమ్మిదిమంది నిజంగానే తాగేస్తారు. ఆ రోజు నుంచి నా ఒంట్లోంచి ఇంకా ఎక్కువ నీరు తీయడం మొదలుపెట్టారు. కాళ్ళు కొంకర్లు పోయేవి. బీపీ పడిపోయేది. ముఖం మాత్రం అలాగే ఉండేది.

సంగతి ఇంటికి చేరింది. అత్త నీళ్ళ బిందె తన గదిలో పెట్టి గడియ వేసుకుంది. చిన్న స్టీలు గ్లాసుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోసేది. నేను స్నానానికి వెళితే తలుపు వేయొద్దంది.

"దప్పిక ఎవులికుండదే? మీ మావ ఇలగే దొంగతనంగా తాగీవోడు. బాత్రూంలో తాగీవోడు. నానే సూసినాను. ఎంత సెప్పినా ఇన్నేడు, ఎల్లిపోయినాడు."

"అత్తా, నాను తాగట్లేదు."

"మరి ఆ మొకమేటి?"

తలుపు తీసి పెట్టుకుని, అత్త అటు తిరిగి గుమ్మంలో కూర్చుంటే స్నానం చేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని. ఆ నెలంతా అలాగే చేశాను. బావ ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. మా అమ్మాయి హేమ తొమ్మిదో తరగతి. ఒకరోజు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ కూడా దించకుండా నన్ను మెల్లగా అడిగింది, "అమ్మా, నువ్వు నిజంగా తాగట్లేదా?" అని.

తర్వాత్తర్వాత నామీద నాకే అనుమానం వచ్చింది. నిద్రమత్తులో లేచి తాగేస్తున్నానా అనుకునేదాన్ని.

ఆగస్టు

ఈ నెల గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. పడుకుంటే గొంతు మూసుకుపోయేది. రెండు దిండ్లు, తర్వాత మూడు, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. గొంతు బొంగురుపోయింది. ముద్ద మింగుడు పడేది కాదు. ఛాతీ మీద, భుజాల మీద నీలం నరాలు లేచాయి. ఎప్పుడూ లేనివి. నేను వాటిని పమిటతో కప్పుకునేదాన్ని. ఎవరికి చూపించినా మళ్ళీ నీళ్ళ మాటే ఎత్తుతారని.

ఒక డయాలసిస్ రోజు బీపీ బాగా పడిపోయింది. అలా పడితే మంచం తలవైపు దించి కాళ్ళవైపు ఎత్తుతారు. అందరికీ అదే చేస్తారు, అందరూ తేరుకుంటారు. నాకు తల దించగానే ముఖంలోకి రక్తమంతా వచ్చి ఆగిపోయింది. పెదవులు మందమయ్యాయి. ఊపిరి లోపలికి పోవడంలేదు. అరవాలనుకున్నాను, గొంతు రాలేదు. చేతులతో మంచం పట్టీ కొట్టాను. "కంగారు పడకమ్మా, కంగారు పడకు" అంటున్నారు. చచ్చిపోతున్నాననీ, ఇక్కడున్న ఎవరికీ అది తెలియడం లేదనీ నాకు స్పష్టంగా అనిపించింది. అంత ఒంటరితనం నా బతుకులో ఎప్పుడూ లేదు.

పక్క మంచం మీద పోలయ్య బాబాయి ఉన్నాడు. తీరం ఊళ్ళలో ఒకదానివాడు, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ వేటకెళ్ళినవాడు. నా షిఫ్టే, ఏడాదిగా పక్కపక్కనే పడుకుంటున్నాం. ఆయన చేతికి సూదులుండగానే లేచి కూర్చున్నాడు.

"ఎత్తండ్రా! ఆ అమ్మి తల పైకెత్తండి ముందు! కూకోబెట్టండి!"

ఎత్తారు. ఊపిరి వచ్చింది. మిషన్ అబ్బాయి చెమటలు తుడుచుకుంటుంటే బాబాయి వదల్లేదు.

"నీరూ నీరూ అంటన్నారు. ఆ అమ్మి కాళ్ళు సూసినారేటి? ఎండిపోయి పుల్లల్లాగున్నాయి. నీరైతే ముందు కాళ్ళకి దిగదా? ఇదిగో నా కాళ్ళు సూడండి. నానైతే తాగినాను, నిన్న రెండు చెంబులు తాగినాను, ఒప్పుకుంటన్నాను. నొక్కితే గుంట పడతంది. ఆ అమ్మికి పైనే వాపు. ఇది నీరు కాదు బాబూ. ఇంకేటో."

ఆ అబ్బాయి నా కాళ్ళు నొక్కి చూశాడు. చీటీ మీద ఏదో రాసి, పెద్ద డాక్టరుకు చూపించమన్నాడు. వెళ్ళేటప్పుడు తల దించుకుని "సారీ అమ్మా" అన్నాడు.

ఇంటికెళ్ళి టెక్కలిలో ఉన్న మా అన్నయ్య అప్పన్నకు ఫోన్ చేశాను. నా గొంతు విని మొదట ఎవరో అనుకున్నాడు. మర్నాడే వచ్చి, బావను కూడా ఎక్కించుకుని, టెక్కలిలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ పెద్దావిడ. నా పమిట పక్కకు జరిపి ఛాతీ మీది నరాలు చూసింది. మెడలోని పైపు చూసింది. తర్వాత "రెండు చేతులూ పైకెత్తమ్మా, నేను చెప్పేదాకా దించకు" అంది. ఎత్తాను. నిమిషం కాకుండానే ముఖం మండిపోయింది, చెవుల్లో హోరు. అన్నయ్య "అయ్యో" అన్నాడు. నా ముఖం నీలంగా కమిలిందని తర్వాత చెప్పాడు.

డాక్టరమ్మ నా చేతులు తనే దించింది. కాగితం మీద ఒక గీత గీసింది. తల నుంచి, చేతుల నుంచి రక్తమంతా గుండెకు చేర్చే పెద్ద నరం ఒకటే ఉంటుందట. పైపులు పెట్టీ తీసీ పెట్టీ దాని లోపల మచ్చలు కట్టి సన్నబడిపోయింది. "గెడ్డో కాలువో పూడుకుపోతే నీళ్ళు పక్క పొలాల మీద పడవూ? ఆ నరాలు అవే" అంది, నా ఛాతీ చూపిస్తూ. తర్వాత బావవైపు తిరిగింది.

"ఈ అమ్మాయి నీళ్ళు తాగలేదు."

బావ నేలవైపు చూశాడు. నేను ఏడ్చాను. జబ్బు పెద్దదని ఆవిడ చెబుతూనే ఉంది, వెంటనే విశాఖపట్నం వెళ్ళమంటూనే ఉంది, నాకు మాత్రం ఆ ఒక్క మాటే వినిపించింది. ఆ సాయంత్రం అత్త బిందె తెచ్చి వంటింట్లో పెట్టింది. నా తల దువ్వింది.

సెప్టెంబరు

పలాస స్టేషన్‌లో రైలెక్కాం, బావా, అన్నయ్యా, నేనూ. వెనక్కి ఆనుకోలేను, ముందుకు వంగలేను. కిటికీ ఊచ పట్టుకుని నిటారుగా కూర్చున్నాను. ఎదురు సీట్లో చిన్నపాప నా ముఖం చూసి వాళ్ళమ్మ ఒళ్ళో దాక్కుంది.

ఆసుపత్రి కౌంటర్ దగ్గర గుమాస్తా నా గుర్తింపు కార్డు చూసి, నన్ను చూసి, కార్డు వెనక్కి నెట్టాడు.

"ఈ ఫోటో మీది కాదు."

"నాదే బాబూ."

"కాదమ్మా. ఎవరి కార్డు తెచ్చారు?"

బావ అరిచాడు, అన్నయ్య బతిమాలాడు. నేను ఆ ఫోటో చూశాను. సన్నని ముఖం, పొడుగు మెడ. నిజమే, అది నేను కాదు. చివరికి వేలు పెట్టమన్నారు. మొదటిసారి మిషన్ ఒప్పుకోలేదు. వాచిన వేలు. రెండోసారీ ఒప్పుకోలేదు. చీర కొంగుతో తుడిచి గట్టిగా నొక్కితే మూడోసారి ఒప్పుకుంది. నేను నేనేనని తేలాక ఒక బెంచీ చూపించారు.

ఆ బెంచీ మీద ఎన్ని గంటలు కూర్చున్నానో. పక్కన ఇచ్ఛాపురం నుంచి మొగుణ్ణి తీసుకొచ్చిన ఒకామె ఉంది. సగం తెలుగు, సగం ఒడియా. నా తల పక్కకు వాలిపోతుంటే చూసి, తన బట్టల మూట నా ఒళ్ళో ఎత్తుగా పెట్టి, దానిమీద చేతులు పెట్టించి, గడ్డం ఆనించింది. అలా అయితే ఊపిరి ఆడింది. ఆమె పేరు అడగలేదు. తమ వంతు వచ్చినప్పుడు మూట నా దగ్గరే వదిలేసి వెళ్ళింది.

మందు ఎక్కించి స్కానింగ్ తీశారు. నరం దాదాపు పూర్తిగా మూసుకుపోయిందన్నారు. మెడలో పైపు తీసేస్తే మళ్ళీ పెట్టడానికి దారి ఉండదు. ఉంచితే ఉన్న సందు కూడా పోతుంది. మెడలోది అలాగే ఉంచి, ప్రస్తుతానికి తొడలో ఒక పైపు పెట్టి డయాలసిస్ చేశారు. తర్వాత నరంలోకి సన్నని తీగ పంపి, బెలూన్‌తో వెడల్పు చేయాలని చూశారు. రెండు గంటలు ప్రయత్నించారు. తీగ దాటలేదు.

నన్ను తెచ్చి తెర వెనక మంచం మీద కూర్చోబెట్టారు. తెరకు అటువైపు బావా, అన్నయ్యా ఉన్నారు. మత్తులో ఉన్నాననుకున్నారు. నాకు మత్తు లేదు.

"మళ్ళీ ఒకసారి సూత్తారంట, రెండు పక్కల నుంచీ తీగలేసి" అన్నయ్య అంటున్నాడు. "పెద్ద డాక్టరాయన వొత్తాడంట. నరం సిరిగితే మాత్రం కష్టమన్నారు. సంతకం పెట్టమంటన్నారు బావా."

బావ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఒగ్గేద్దుం బావా" అన్నాడు అన్నయ్యతో. "ఇంటికి తీసుకెళ్ళిపోదుం. మా అయ్యని సూసినాను, అన్నని సూసినాను. ఎన్ని పోట్లు పొడిసినా ఆకరికి అక్కడికే. దీన్ని కూడా అలగే పొడిపించమంటావేటి? పిల్ల కాడ ఉంటాది నాలుగు రోజులు. ప్రశాంతంగా పోనీ."

నేను విన్నాను. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. గోడమీద ఒక బల్లి ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. బావ అన్నదానిలో తప్పేముందా అని వెతికాను, దొరకలేదు. నాకూ చాలనిపించింది. ఇల్లు, వరండా, నా వీపుకు ఆనుకుని కూర్చునే హేమ. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చివర్లో డయాలసిస్ ఆపేశాక మావయ్య పోవడం నేనూ చూశాను. ప్రశాంతం అక్కడ లేదు.

నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చి "అటెండర్ ఎవరు?" అంది. బావ లోపలికి వచ్చాడు, పెన్ను తీసుకున్నాడు, నిలబడిపోయాడు. పెన్ను కాగితానికి ఆనించలేదు. ఎంత ఎత్తు చెట్టయినా వెనకాడకుండా ఎక్కే మనిషి.

"ఇటివ్వు" అన్నాను. "నా ఒళ్ళు. నానే పెడతాను."

బొంగురు గొంతు, అయినా నర్సమ్మకు వినిపించింది. నాకే ఇచ్చింది. వాచిన వేళ్ళతో పేరు వంకరగా వచ్చింది.

రెండోసారి తొడ నుంచి ఒక తీగ, మెడ నుంచి ఒక తీగ. పూర్తి మత్తు ఇవ్వలేదు. గది చలిగా ఉంది. తలకింద ఎత్తు పెట్టినా మునిగిపోతున్నట్టే ఉంది. డాక్టర్లు తెర మీద చూస్తూ తక్కువ గొంతుతో మాట్లాడుకుంటున్నారు. "లేదు... వెనక్కి... ఇంకొంచెం... లేదు." అలా ఎంతసేపో. నేను హేమ పేరు పలుకుతున్నాను, మనసులో అనుకున్నాను గానీ పైకే అంటున్నానట. తర్వాత పెద్దాయన "దాటింది" అన్నాడు. ఒక్క మాట. ఆ వెంటనే ఛాతీ మధ్యలో ఎముక కింద ఎవరో పిడికిలి పెట్టి విప్పుతున్నట్టు నొప్పి. అరిచాను. "అదే బెలూనమ్మా, అరిచినా పర్లేదు" అన్నాడు పెద్దాయన. మూడుసార్లు చేశారు. తర్వాత నరం మళ్ళీ ముడుచుకోకుండా లోపల జల్లెడలాంటి చిన్న గొట్టం పెట్టారు, స్టెంట్ అంటారు.

మంచం మీదికి తెచ్చాక నాకు ముందుగా తెలిసింది చెవుల్లో హోరు ఆగిపోయిందని. అన్ని నెలలుగా అది ఉందని, ఆగాకే తెలిసింది. సాయంత్రానికి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడుకున్నాను. ఒక్క దిండు. అలాగే నిద్రపోయాను.

ఎవరో భుజాలు పట్టి కుదిపేస్తుంటే మెలకువ వచ్చింది. బావ.

"రాజీ! రాజీ! లెగు! సిస్టరమ్మా, బేగి రండి!"

"ఏటి బావా? పడుకోనీవా?"

బావ అలాగే నేలమీద కూలబడిపోయాడు. నేను పడుకోవడం చూసి నెలలయింది. వెల్లకిలా కనిపించేసరికి పోయాననుకున్నాడు. వార్డులో అందరూ మావైపు చూస్తున్నారు. మంచం పట్టీ పట్టుకుని, పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడూ, అన్న పోయినప్పుడూ ఏడవని మనిషి.

అక్టోబరు, తర్వాత

తిరిగి మా డయాలసిస్ సెంటర్‌కు వెళ్ళిన రోజు పక్క మంచం మీద ఎవరో కొత్తాయన ఉన్నాడు. పోలయ్య బాబాయి అంతకు ముందు వారం పోయాడట. నా ముఖం ఆయనకు చూపించాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. మిషన్ అబ్బాయి బరువు చూస్తూ, "బాబాయి మీ గురించి అడిగినాడమ్మా, మీ ఆయనకి ఫోన్ సేసి కనుక్కుని, తీగ దాటిందని సెప్పినాను" అన్నాడు. ఆ మాట వినే పోయాడని తెలిసి కొంత ఊరట.

నేను బాగైపోయానని రాయడం లేదు. ఆ నరం మళ్ళీ సన్నబడవచ్చని, బెలూన్ మళ్ళీ వేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. ఒకసారి వేశారు కూడా. మోచేతి పైన కొత్తగా పిస్టులా చేశారు. చెయ్యి పెట్టి చూస్తే లోపల జుమ్మని అదురుతోంది. ఇది నిలిస్తే మెడలో పైపు తీసేస్తారు. రోజూ లేవగానే మెడ తడుముకుంటాను, ఆ భయం పోలేదు. పోతుందని కూడా అనుకోను.

మెడలో పైపు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. పైపు పెట్టిన రోజే, ఇది ఎప్పుడు తీస్తారు, పిస్టులా ఎప్పుడు వేస్తారు అని అడగండి. ముఖం వాచి కాళ్ళు వాచకపోతే, వంగితే తల పగిలిపోతుంటే, ఛాతీ మీద కొత్త నరాలు కనిపిస్తే, దాచకండి, చూపించండి. ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. నీళ్ళు తాగలేదని మనిషి చెబితే ఒక్కసారి నమ్మి చూడండి.

మొన్న బావ కాయల దింపు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేను రాసుకుంటున్న చోట కూర్చున్నాడు.

"రాజీ, ఆసుపత్రిలో ఆ రోజు... తెర అవతల నానొక మాటన్నాను. ఇన్నావేటి?"

"ఏ మాట?" అన్నాను.

కాసేపు నా ముఖం చూశాడు. "ఏటీ నేదులే" అని లేచి వెళ్ళాడు. ఆ పూట ఇద్దరు మనుషుల అన్నం తిన్నాడు.

నోటితో చెప్పలేకపోయాను. బావ చదువుకున్నది ఐదే అయినా కూడబలుక్కుని చదువుతాడు, ఇది తప్పకుండా చదువుతాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. విన్నాను బావా. ప్రతి మాటా విన్నాను. మంచం మీద నువ్వుండి, తెర అవతల నేనుంటే, నేనూ అదే అనేదాన్ని.